మామగారి తొట్టెలో నాచు

ఉప్పునీటి చేపల తొట్టె గురించి సంఘ పత్రికలో రాయడమేమిటని చదువరులు అనుకోవచ్చు. మన ఇళ్ళలో మంచినీటి తొట్టెలే అరుదు; సముద్రపు చేపలను పెంచేవారు మరీ తక్కువ. అయినా ఇంట్లో పక్షవాతంతో బాధపడే పెద్దవారున్న కుటుంబాలకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటి ఉందని మా స్త్రీల సమాజంలోని సహోదరీలు పట్టుబట్టడం వల్ల రాస్తున్నాను. చేపలు పెంచేవారికి కూడా కొంత ఉపయోగపడవచ్చు.

మేముండేది విశాఖపట్నంలో. మా మామగారు ఉద్యోగ విరమణ చేశాక 2013లో ఆ తొట్టె పెట్టారు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్కకు 190 లీటర్లు పట్టాలి గాని ఇసుక, రాళ్ళు పోను 160 లీటర్ల నీరుంటుంది. అందులో నారింజరంగు ఒంటిమీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేపలు రెండు, ఒక నీలిరంగు డామ్‌సెల్ చేప, ఎర్రచారల రొయ్య ఒకటి, అయిదారు నత్తలు, ఖాళీ గవ్వల్లో తలదాచుకునే చిన్న పీతలు కొన్ని ఉండేవి. పగడాలు లేవు. 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని తీయడం, అమ్మడం నేరం. ఎవరైనా చాటుగా చూపించినా కొనకూడదు. క్లౌన్ చేపలను మాత్రం ఇప్పుడు మన దేశంలోనే హేచరీలలో పుట్టిస్తున్నారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వారు ఆ పద్ధతిని రూపొందించారు. మా జంట అలా పుట్టినదే.

సముద్రం కూతవేటు దూరంలో ఉండగా ఉప్పు కొని నీళ్ళు కలుపుకోవడమేమిటని ఇంటికొచ్చిన వారందరూ అడుగుతారు. ఒడ్డున దొరికే నీటిలో ఊరి మురుగు కలిసి ఉంటుంది. పైగా వానలు పడి గోదావరి మొదలైన నదులకు వరదలొచ్చాక బంగాళాఖాతంలో ఒడ్డు దగ్గరి నీటి ఉప్పదనం బాగా తగ్గిపోతుంది. అందుకని మామగారు శుద్ధిచేసిన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల అక్వేరియం ఉప్పు కలిపి, తేలికాడతో చూసి, వారానికొకసారి ఒక బకెట్ మార్చేవారు. ప్రతి శనివారం లెక్కలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసేవారు. ఉప్పు, వేడి, నైట్రేటు, మార్చిన నీరు. ఆయన చేతిరాత 2022 నవంబరు రెండో వారంతో ఆగిపోయింది.

ఆ వారంలోనే పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ పోయాయి. సంఘంలో పెద్దగా ఇరవయ్యేళ్ళు ఉన్న మనిషి. ఆయన ప్రార్థన మొదలుపెడితే పిల్లలు ఒక కునుకు తీసి లేచేవారని మా వారు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. అటువంటి మనిషికి మంచినీళ్ళు అడగడానికి మాట రాలేదు. అయితే కుటుంబ ప్రార్థనలో ఎవరైనా పాట ఎత్తుకుంటే చరణం వెంబడి చరణం మాటలతో సహా పాడేవారు! మేము అద్భుతమనుకున్నాం. మాటకు, పాటకు మెదడులో దారులు పూర్తిగా ఒకటి కావని, ఎడమవైపు దెబ్బతిన్నవారిలో చాలామంది ఇలా పాడగలరని డాక్టరు గారు చెప్పారు. ఆయన చెప్పాక కూడా నాకది అద్భుతంగానే ఉంది.

ఆసుపత్రి నుండి వచ్చాక మామగారి కుర్చీ తొట్టె ఎదుట వేశాం. పగలంతా అక్కడే. తొట్టె పని నేను, పదో తరగతి చదివే మా అబ్బాయి పంచుకున్నాం. పుస్తకంలో ఉన్నదున్నట్టు చేసుకుంటూ పోయాం. ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేదు.

2023 జూన్‌లో మొదట అద్దానికి గోధుమరంగు పొడి అంటుకుంది. దాన్ని డయాటములంటారు. కొత్త తొట్టెల్లోను, ఇసుకలవణం ఎక్కువున్న నీరు పోసినప్పుడు పుడుతుంది. గుడ్డతో తుడిస్తే పోతుంది. ఆ తరువాత రాళ్ళమీద పచ్చటి దారాలు మొలిచాయి. రెండు వారాలలో జానెడు జుట్టయి, నీటి వాలుకు ఊగుతూ, రాయి కనబడకుండా కప్పేసింది. అక్కడక్కడా ఇసుకమీద ఎర్రటి జిగురు పొర పరుచుకుంది. అది నిజానికి నాచు కాదు, ఒక జాతి బాక్టీరియా. చూడ్డానికొచ్చిన ఒక పెద్దమ్మగారు "ఐగుప్తు తెగుళ్ళలా ఉందే!" అన్నారు. జూలైలో అసలు నీరే ఆకుపచ్చగా మారింది. కంటికి కనబడనంత చిన్న నాచు కణాలు నీటిలో కోట్లలో తేలుతున్నాయన్నమాట. గోంగూర ఉడికిన నీళ్ళలా ఉంది తొట్టె. మామగారు అద్దానికి ముఖం ఆనించి చూసేవారు. చేప అద్దం దగ్గరికి వస్తే ఒక నారింజ మరక కనబడి మాయమయ్యేది. అంతే.

అప్పుడు సలహాలు మొదలయ్యాయి. ఒక దుకాణంలో చిన్న సీసా చేతికిచ్చి, నాలుగు మూతలు పోస్తే రెండు రోజుల్లో నాచంతా చస్తుందన్నారు. సీసామీద చదివితే అందులో రాగి ఉంది. రాగి నాచును చంపే మాట నిజమే. దానికంటే ముందు రొయ్యను, నత్తలను, పీతలను చంపుతుంది. వెన్నెముక లేని జీవులు చాలా తక్కువ మోతాదుకే తట్టుకోలేవు. ఇసుకలోకి, రాళ్ళలోకి ఇంకిన రాగి మళ్ళీ కొంచెం కొంచెంగా బయటికొస్తుంది కూడా. ఇంకో చిక్కుంది. అంత నాచు ఒక్కసారి చస్తే అది కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేసుకుంటుంది. ఉప్పునీటిలో ప్రాణవాయువు మంచినీటిలో కంటే తక్కువ కరుగుతుంది. ఎండాకాలపు వేడికి ఇంకా తగ్గుతుంది. నాచు ఉన్నంతకాలం ఇబ్బందిపడుతూనైనా బతికిన చేపలు, నాచు చచ్చిన రాత్రి ఊపిరాడక చస్తాయి. సీసా తిరిగి ఇచ్చేశాం.

నాచును ఇలా పూర్తిగా శత్రువుగా చూడటం నాకు మొదటినుంచీ రుచించలేదు. లోకంలో తయారయ్యే ప్రాణవాయువులో సుమారు సగం సముద్రంలో తేలే ఇటువంటి సూక్ష్మమైన పచ్చకణాల వల్లే వస్తున్నది. ఆదికాండములో కూడా పచ్చదనం మూడవ దినమున, చేపలు అయిదవ దినమున గదా. అక్వేరియం అనే మాటను ఇప్పటి అర్థంలో ప్రచారంలోకి తెచ్చిన ఫిలిప్ హెన్రీ గాస్ గారి సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన 1810లో పుట్టి 1888లో చనిపోయిన ఆంగ్లేయుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు, భక్తిపరుడు. లండన్ జంతుశాలలో 1853లో ప్రజల కోసం మొదటి అక్వేరియం తెరిచినప్పుడు సముద్రజీవులను సేకరించి పంపినవారు ఆయనే. మరుసటి సంవత్సరం ఆ పేరుతోనే పుస్తకం రాశారు. నాలుగు లవణాలతో సముద్రపు నీటిని ఇంట్లోనే తయారు చేసుకునే కొలతలు కూడా ఆయన ఇచ్చారు. ఆయన బ్రదరన్ సహవాసానికి చెందినవారు. 1836లో మన తెలుగు దేశానికి వచ్చి నరసాపురంలో సువార్త పని మొదలుపెట్టిన బౌడెన్, బీర్ దొరలు కూడా ఆ సహవాసం వారే. గాస్ గారు తరువాత స్థిరపడిన డెవన్ ప్రాంతం నుండే వారు బయలుదేరి వచ్చారు. గోదావరి జిల్లాల చదువరులకు ఆ పేర్లు నేను పరిచయం చేయనక్కరలేదు.

గాస్ గారి కాలంలో కరెంటు మోటార్లు లేవు, ఫిల్టర్లు లేవు. తొట్టెలో సముద్రపు నాచు వేసి కిటికీ దగ్గర పెట్టేవారు. నాచు ఇచ్చే ప్రాణవాయువుతో చేపలు, చేపల మలినంతో నాచు బతికేవి. తెన్నేటి పార్కు కింది రాళ్ళమీద పల్చటి పచ్చ ఆకుల్లా కనబడే ఉల్వా అనే నాచు రకాలనే ఆ రోజుల్లో వాడేవారు. మేము ఇవాళ గీకి పారేసే దాని బంధువే అది. ఒక విచారకరమైన సంగతి కూడా ఉంది. ఆయన పుస్తకాలు చదివిన జనం ఎగబడి ఇంగ్లాండు తీరంలోని రాతిగుంటలను ఊడ్చేశారని ఆయన కుమారుడు ఎడ్మండ్ 1907లో బాధతో రాశాడు. పగడాలమీద మనకు అంత గట్టి చట్టమెందుకో అది చదివితే తెలుస్తుంది.

సరే, మా తొట్టెకు వస్తాను. నాచు పెరిగిందంటే దానికి ఆహారం ఎక్కువైందని అర్థం. చేప తిని వదిలిన మలినం, మిగిలిన మేత కుళ్ళి మొదట అమోనియా అవుతుంది. ఇసుకలో, రాళ్ళలో ఉండే బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు అక్కడే పేరుకుంటుంది. మేతలోని భాస్వరం ఫాస్ఫేటుగా మిగులుతుంది. సముద్రంలో తేలే నాచు ఒంట్లో భాస్వరం ఒక పాలుంటే నత్రజని 16 పాళ్ళు, కర్బనం 106 పాళ్ళు అణువుల లెక్కన ఉంటాయని శాస్త్రజ్ఞులు తేల్చారు. కర్బనం గాలిలోంచి వస్తుంది, వెలుతురు దీపంలోంచి వస్తుంది. అందుకని చిటికెడు భాస్వరం దొరికితే చేటెడు నాచు మొలుస్తుంది.

పరీక్ష చేస్తే నైట్రేటు లీటరుకు 80 మిల్లీగ్రాములు చూపించింది. మామగారి పుస్తకంలో అది ఎప్పుడూ 20 దాటలేదు. ఆ వేసవిలో మా అపార్టుమెంటుకు ట్యాంకర్లతో బోరు నీళ్ళు తెప్పించారు. ఆ నీటిలో నైట్రేటు ఉంది. దాన్ని శుద్ధిచేసే ఆర్.ఓ. యంత్రంలో పొర అరిగింది. కొత్తది వేయించాం. ఘనీభవించిన రొయ్యల మేతను కరిగించాక ఆ నీటిని పారబోసి, కడిగి వేశాం. ఆ నీటిలో ఫాస్ఫేటు ఎక్కువ. దీపం పది గంటల నుండి ఆరు గంటలకు తగ్గించాం. మూడు వారాలు గడిచినా నైట్రేటు 80 దగ్గరే ఉంది. ఎక్కడినుండో ఇంకా వచ్చి పడుతున్నది.

జాడ కనిపెట్టింది మా అబ్బాయి. మూడు నెలలు రావలసిన మేత డబ్బా పాతిక రోజుల్లో ఖాళీ అయింది. ఒక రాత్రి రెండు గంటలకు మంచినీళ్ళకని లేచినప్పుడు తాతయ్య కుర్చీలోంచి ఎడమచెయ్యి చాపి, డబ్బాను తొట్టె అంచుకు తట్టి మేత వేస్తుంటే చూశాడు. తరువాత గమనిస్తే అది రాత్రి సంగతి మాత్రమే కాదు. మేము వంటింట్లో ఉన్నప్పుడు, స్నానానికి వెళ్ళినప్పుడు, రోజుకు ఎనిమిది పదిసార్లు వేస్తున్నారు. నీరు పచ్చబడి చేపలు కనబడకపోయేసరికి ఇంకా ఎక్కువ వేస్తున్నారు. మేత వేస్తే పైకొస్తాయి గదా.

మా వారు డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేయమన్నారు. కోపంతో అన్న మాట కాదది. చేపలు చస్తే నాన్నగారు తట్టుకోలేరనే భయంతో అన్నారు. నాకు ఒప్పబుద్ధి కాలేదు. జీవితమంతా పదిమందికి పెట్టిన చెయ్యి. ఇంటికి ఎవరొచ్చినా భోంచేయకుండా పంపేవారు కారు. ఇప్పుడు ఆయనకు అన్నం మేము పెడుతున్నాం, స్నానం మేము చేయిస్తున్నాం, బట్టలు మేము తొడుగుతున్నాం. ఆయన ఇంకొక ప్రాణికి ఇవ్వగలిగింది ఆ చిటికెడు మేతే. అది తీసేసుకుని, చేపలు బతికాయని సంతోషించమంటే ఎలాగ? అలాగని చూస్తూ ఊరుకుంటే చేపలు దక్కవు. రెండు రాత్రులు మేమిద్దరం ఈ విషయమై గట్టిగానే వాదించుకున్నాం. మూడో రాత్రి వాదించే ఓపిక లేక కలిసి ప్రార్థన చేసుకుని పడుకున్నాం.

ఆయన మాత్రలకు రోజుకు నాలుగు గళ్ళున్న వారం డబ్బా ఒకటి ఉంది. అటువంటిదే ఇంకొకటి కొని, ప్రతి రోజుకు రెండు గళ్ళలో కొలిచిన మేత పోసి ఆయన చేతికిచ్చాం. పెద్ద డబ్బా తీసేశాం. ఆయన కొత్త డబ్బాను నేలకేసి కొట్టారు. ఆ పూట అన్నం ముట్టలేదు. పాస్టరు గారు వచ్చి కూర్చుని మాట్లాడినా ముఖం తిప్పుకున్నారు.

మా అబ్బాయి నోటుపుస్తకం ముందుకు తిప్పుతూ 2017 ఆగస్టు పేజీ దగ్గర ఆగాడు. అప్పుడు కూడా ఒకసారి నాచు పట్టిందట. నాకు గుర్తులేదు. మామగారు తన గుండ్రటి అక్షరాలతో మేత సగం చేశానని, దీపం తగ్గించానని, ఆరు వారాలు పట్టిందని రాసుకున్నారు. వాడు ఆ పేజీ తెరిచి తాతయ్య ఒళ్ళో పెట్టి ఏమీ అనకుండా పక్కన కూర్చున్నాడు. పక్షవాతం తరువాత ఆయన ఎంతవరకు చదవగలుగుతున్నారో మాకు తెలియదు. అంకెలు మాత్రం గుర్తుపడతారు. చాలాసేపు వేలితో ఆ వరుసలమీద రాశారు. సాయంత్రం గళ్ళ డబ్బా ఆయనే అందుకున్నారు.

ఇక పని. తేలే నాచుకు మంచి ఉపాయం చీకటి. మూడు రోజులు దీపం ఆర్పి, తొట్టెను దుప్పటితో పూర్తిగా కప్పాం. చేపలకు చీకటివల్ల హాని లేదు, ఆ మూడు రోజులు మేత కూడా దాదాపు అక్కరలేదు. కాని చస్తున్న నాచు ప్రాణవాయువును తింటుంది గనుక గాలిమోటారు రాత్రింబవళ్ళు తిరగాలి. కరెంటు పోతే నడిచేందుకు బ్యాటరీ మోటారు సిద్ధంగా ఉంచుకోవాలి. మామగారు ఆ మూడు రోజులు దుప్పటి ఎదుటే కూర్చున్నారు. మోటారు బుడబుడలు వింటూ ఉండేవారు. మూడో రాత్రి రెండు గంటలపాటు కరెంటు పోయింది. బ్యాటరీ మోటారు నడిచింది గాని, తెల్లారి దుప్పటి తీసేసరికి నీలి డామ్‌సెల్ అడుగున పడి ఉంది. మామగారు అరచెయ్యి చాపారు. అందులో పెట్టాను. ఆయన దాన్ని పెరట్లోని కరివేపాకు కుండీ వైపు చూపించారు. మా అబ్బాయి అక్కడే పూడ్చాడు.

మిగిలినవన్నీ బతికాయి. నీరు పచ్చదనం పోయి పలచటి మజ్జిగలా ఉంది. ఆ రోజే ఒక బకెట్, అంటే 16 లీటర్లు మార్చాం. అక్కడినుండి వారానికొక బకెట్. ఈ లెక్క కొంచెం ఓపిగ్గా చూడాలి. పదోవంతు నీరు మారిస్తే నైట్రేటు కూడా పదోవంతే తగ్గుతుంది. 80 ఉన్నది 72 అవుతుంది, తరువాత 65. కొత్తగా ఏమీ చేరకపోయినా సగానికి దిగడానికి ఏడు వారాలు. తొందరపడి సగం నీరు ఒక్కసారి మార్చేస్తే ఉప్పు, వేడి, గాఢత ఒక్కసారిగా మారి చేపలు దెబ్బతింటాయి.

జుట్టు నాచు చీకటికి లొంగలేదు. దాన్ని చేత్తో పీకాల్సిందే. ఒక్కొక్క రాయిని తొట్టె నీళ్ళే పోసిన బేసిన్‌లోకి తీసి, పళ్ళ బ్రష్‌కు దారంలా చుట్టి లాగితే వేళ్ళతో సహా వస్తుంది. ఈ పని మామగారికి అప్పగించాలని ఆలోచన చెప్పింది ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి. "కుడిచేత్తో రాయిని అదిమి పట్టుకోమనండి ఆంటీ, ఎడమచేత్తో బ్రష్ తిప్పమనండి. నేను ఇచ్చే బంతికంటే ఇదే మేలు" అంది. ఆయనకు మధుమేహం ఉంది గనుక చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. సముద్రపు నీటిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు చిన్న గాయంలోంచి కూడా లోపలికి పోతాయి. మొదటి శనివారం ఒక రాయికి గంట పట్టింది. కుడిచెయ్యి రాయిమీద నిలవక జారిపోతుంటే మా అబ్బాయి దానిమీద తన చెయ్యి వేసి పట్టుకున్నాడు. నవంబరు నాటికి తాతయ్య చెయ్యి ఒక్కటే నిలిచింది. పని చేస్తూ పాడుకునేవారు.

పీకిన నాచును ఏమి చేయాలన్నది చాలామంది ఆలోచించరు. సముద్రంలోనో మురుగుకాలువలోనో పారేస్తారు. అది ఎంతమాత్రమూ తగదు. తొట్టెల్లో అందం కోసం పెంచే కాలెర్పా అనే నాచు 1984లో మొనాకోలోని మ్యూజియం కింద మధ్యధరా సముద్రంలో కొద్దిగా కనబడి, కొన్నేళ్ళలో వేలాది హెక్టార్ల సముద్రపు నేలను కమ్మేసింది. 2000లో కాలిఫోర్నియా తీరంలో కనబడితే అక్కడివారు టార్పాలిన్లు కప్పి క్లోరిన్ ఎక్కించి నిర్మూలించారు. పూర్తిగా పోయిందని 2006లో గాని ప్రకటించలేకపోయారు. మేము నాచును బాగా ఎండబెట్టి చెత్తబండికి ఇస్తాం. ఉప్పు ఉంటుంది గనుక మొక్కలకు వేయం.

నాచు పూర్తిగా పోలేదు. వెనక మూలనున్న రాయిమీద అరచెయ్యంత మేర అలాగే వదిలేశాం. నత్తలు అక్కడే మేస్తాయి. మామగారికి మాట ఇంకా రాలేదు. "నీళ్ళు", "చాలు", మా అబ్బాయి పేరు, ఇంతవరకు వచ్చాయి. శనివారం పరీక్ష చేసినప్పుడు రంగు కార్డు ఆయనే వెలుతురుకు పట్టుకుని చూస్తారు. ఎడమచేత్తో వంకరగా అంకె వేస్తారు. తేదీ నేను రాస్తాను. మొన్న శనివారం వేసిన అంకె 10.